నాన్నగారి పెన్సిల్ రాత చెరపొద్దు, టీచర్ గారూ

ప్రశ్న: "సార్, మాది సూళ్లూరుపేట. ఇప్పుడు తిరుపతిలో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా నాన్నగారికి ఊళ్లో సైకిల్ షాపు ఉండేది, ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. పోయినేడాది నాన్న పోయాక బీరువా సర్దుతుంటే ఒక చెప్పుల పెట్టె దొరికింది. అందులో 43 పాత కవర్లు, పోస్టుకార్డులు ఉన్నాయి. అన్నీ తన పేరుకే తను పోస్టు చేసుకున్నవి. వెనక పెన్సిల్‌తో 'ఈ రోజు చిన్న రాకెట్ పంపారు' అనీ, 'పొగ గీత కనిపించింది, తర్వాత గాలికి వంకర తిరిగింది' అనీ రాసుకున్నారు. ఒక కార్డు మీద 9-10-71 ముద్ర ఉంది. స్టాంపులు కొనే ఒకాయనకు ఫొటోలు పంపితే, ఇవి పెద్ద రాకెట్లవి కాదు, సౌండింగ్ రాకెట్లవి, విలువ తక్కువ, పెన్సిల్ రాతలు చెరిపేస్తే ఏమైనా చూస్తాను అన్నారు. 1963లో కేరళలోని తుంబా నుంచి ఎగిరిన మొదటి రాకెట్‌లో వెళ్లొచ్చిన కవరంటూ ఒకటి 18 వేలకు ఇస్తానంటున్నారు కూడా. నాన్న గుర్తుగా ఈ సేకరణ కొనసాగించాలని ఉంది. రాతలు చెరపాలా? ఆ కవరు కొనాలా? కొత్తవి ఎలా వస్తాయి? పేరు వేయకండి."

జవాబు:

టీచర్ గారూ, ముందు ఆ కార్డుల దగ్గర రబ్బరు ఉంటే తీసి దూరంగా పెట్టేయండి. ఒక్క అక్షరం కూడా చెరపొద్దు. మీరు ఇప్పటికే ఒకటో రెండో చెరిపి ఉంటే ఇక ఆపేయండి, పోయినవాటి ఫొటోలు ఫోన్లో ఉంటే డిలీట్ చేయకండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఆ రాత లేకపోతే మీ దగ్గరున్నది సూళ్లూరుపేటలో పోస్టు చేసిన మామూలు కార్డు. అలాంటివి ఆ రోజుల్లో ఎన్ని వేలు వెళ్లాయో. ఈ కార్డును ఆ రోజు లేచిన రాకెట్‌తో కలిపేది రెండే రెండు, ముందు వైపు పోస్టాఫీసు ముద్ర, వెనక వైపు మీ నాన్నగారి చేతిరాత. పెద్ద రాకెట్లకు ఆ ఇబ్బంది లేదు, పేపర్లో వస్తుంది, టీవీలో వస్తుంది, పోస్టల్ శాఖ వాళ్లే ప్రత్యేక కవరు వేస్తారు. సౌండింగ్ రాకెట్ అలా కాదు. చాలాసార్లు ముందు ఎవరికీ చెప్పరు, తర్వాతా ఎవరూ రాయరు, శాస్త్రవేత్తలకు కావలసిన లెక్కలు వాళ్లకు చేరతాయి, అంతే. అలాంటి రోజున షాపు ముందు నిలబడి ఆకాశంలోకి చూసి, లోపలికొచ్చి కార్డు రాసి, డబ్బాలో వేసి వచ్చిన మనిషి ఉన్నాడంటే అది చిన్న సంగతి కాదు. కొనేవాళ్లకు శుభ్రంగా కనిపించే సరుకు కావాలి, అందుకని ఆయన అలా అన్నారేమో. కానీ రబ్బరుతో రుద్దితే కాగితం పైపొర లేస్తుంది, లైటు పక్కనుంచి వేసి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. రాతా పోతుంది, కాగితమూ పాడవుతుంది.

ఇక ఆ "చిన్న రాకెట్" గురించి. సౌండింగ్ అంటే శబ్దం అనుకుంటారు చాలామంది. శబ్దానికీ దీనికీ సంబంధం లేదు. ఓడవాళ్లు తాడుకు సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదిలి లోతు చూసేవారు కదా, ఇంగ్లీషులో దాన్ని సౌండింగ్ అంటారు. అదే పని పైకి చేస్తే సౌండింగ్ రాకెట్. బెలూన్లు దాదాపు 40 కిలోమీటర్ల దాకా పోగలవు, ఉపగ్రహాలేమో ఇంకా చాలా పైన తిరుగుతాయి. మధ్యలో ఉన్న గాలి పొరల్లోకి పరికరాన్ని పంపి లెక్క తీసుకోవాలంటే ఈ రాకెట్టే దిక్కు. లేస్తుంది, కొన్ని నిమిషాలు కొలుస్తుంది, సముద్రంలో పడిపోతుంది. మన రోహిణి రాకెట్ల పేర్లలో ఉండే అంకె దాని అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. 1967 నవంబర్ 20న తుంబాలో ఎగిరిన మొదటి రోహిణి ఆర్‌హెచ్-75, అంటే అడ్డంగా మూడు అంగుళాలు. తర్వాత 125, 200, 300, 560. ఇప్పుడు ఆర్‌హెచ్-200 పది కిలోల పరికరాన్ని 80 కిలోమీటర్ల దాకా తీసుకెళ్తుంది, ఆర్‌హెచ్-560 వంద కిలోలను 470 కిలోమీటర్ల దాకా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తు 400 చిల్లర కిలోమీటర్లని గుర్తు చేసుకుంటే ఈ "చిన్న" రాకెట్ ఎంత పైకి పోతుందో అర్థమవుతుంది.

మీ నాన్నగారు "గాలికి వంకర తిరిగింది" అని రాశారు చూశారా, ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తుంబాలో మొదటి రాకెట్ చేసిన పని సరిగ్గా అదే. అమెరికా నుంచి తెచ్చిన నైకీ-అపాచీ రాకెట్, ఫ్రాన్స్ వాళ్ల సోడియం ఆవిరి పరికరం. పైన ఆవిరి వదిలితే నారింజ రంగు మేఘంలా వెలుగుతుంది, అది ఎటు సాగుతోందో, ఎలా మెలి తిరుగుతోందో కింద నుంచి ఫొటోలు తీసి అంత ఎత్తులో గాలి ఎటు వీస్తోందో లెక్కగడతారు. ఆర్‌హెచ్-200తో కూడా గాలినే కొలుస్తారు, సన్నని రాగి తీగ ముక్కలు వదిలి రాడార్‌తో వాటి వెంట పడతారు. మీ నాన్నగారు చూసింది కింది గాలుల్లో చెదిరిన పొగే కావచ్చు, కానీ ఎవరూ చెప్పకుండానే ఆయన కన్ను అక్కడికే పోయింది.

ఇప్పుడు 9-10-71 కార్డు. శ్రీహరికోట నుంచి మొట్టమొదటి రాకెట్, ఆర్‌హెచ్-125, ఎగిరింది 1971 అక్టోబర్ 9నే. మీ ఉత్తరంలో ఆ తేదీ చదివి కుర్చీలోంచి లేచాను. అయినా తొందరపడి ఎవరికీ చెప్పకండి, ముందు ముద్రను సరిగ్గా చదవాలి. పాత డేట్ స్టాంపుల్లో అంకెలు అరిగిపోయి ఉంటాయి, 9 కాస్త 8లా, 71 కాస్త 77లా కనిపించడం మామూలే. ఫోన్ ఫొటో చాలదు, స్కానర్‌లో 1200 డీపీఐలో తీయండి. ముద్రలో ఊరి పేరు పూర్తిగా చదవగలుగుతున్నారా, వెనక డెలివరీ ముద్ర ఏమైనా ఉందా, ఉంటే దాని తేదీ ఏమిటి, ఇవి చూడండి. ఇంకో సంగతి కూడా ఉంది. 1971 అక్టోబర్ 9 శనివారం. సాయంత్రం డబ్బా తీసేశాక కార్డు వేసి ఉంటే ఆదివారం సెలవు పోయి సోమవారం 11వ తేదీ ముద్ర పడేది. 9వ తేదీ ముద్రే ఉందంటే ఆయన రాకెట్ చూసిన రోజే, పోస్టాఫీసు వేళలోనే వేశారన్నమాట.

తక్కిన 42 కూడా ఇలాగే ఒక్కొక్కటి చూడాలి. అన్నీ సౌండింగ్ రాకెట్లవే కాకపోవచ్చు. 10-8-79 గానీ 18-7-80 గానీ ముద్ర కనిపిస్తే అవి ఉపగ్రహాన్ని మోసుకెళ్లే మన మొదటి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 లేచిన రోజులు, మొదటిది విఫలమైంది, రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. రోహిణి అనే పేరు రాకెట్‌కూ ఉంది, ఉపగ్రహానికీ ఉంది, ఇక్కడ చాలామంది పొరబడతారు. వాటిని విడిగా పెట్టండి. 1971 నవంబర్ 15 నుంచి 1973 మార్చి ఆఖరు దాకా ముద్రలున్న కవర్ల మీద మామూలు స్టాంపు కాక ఐదు పైసల శరణార్థుల సహాయ స్టాంపు ఒకటి అదనంగా ఉందేమో చూడండి. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ప్రభుత్వం అప్పట్లో ఉత్తరాల మీద వేసిన పన్ను అది. ఆ కాలపు కవరు మీద ఆ చిన్న స్టాంపు కనిపిస్తే ముద్ర తేదీ మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది.

ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి కార్డుకూ ఒక నంబరు ఇచ్చి, ముద్రలో ఉన్న ఊరు, తేదీ, అంటించిన స్టాంపులు, నాన్నగారి రాత ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. నంబరు కార్డు మీద వేయొద్దు, కార్డు పెట్టిన తొడుగు మీద వేయండి. ఆయన రాతలో అక్షర దోషం ఉంటే దాన్నీ అలాగే దింపండి, టీచర్ కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నా. రాకెట్ పేరు గడి మాత్రం ఖాళీగా ఉంచండి. ఇస్రో వార్షిక నివేదికలు, ఆ వారం పాత దినపత్రికలు చూసి, ప్రయోగం జరిగిందని తేలాకే ఆ గడి నింపాలి. ఊహించి నింపితే పదేళ్ల తర్వాత అది ఊహో నిజమో మీకే గుర్తుండదు.

ఇక 18 వేల కవరు. కొనకండి.

మీరు పంపిన ఫొటో చూశాను. ఎడమ పక్కన రాకెట్ బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో ఇస్రో అని అచ్చు, కుడి పక్కన 21-11-63 ముద్ర, చిరునామాలో తిరువనంతపురం అని కొత్త స్పెల్లింగ్, చివర ఆరంకెల పిన్ కోడ్. ఇస్రో పుట్టింది 1969 ఆగస్టు 15న. 1963లో ఉన్నది ఇన్‌కోస్పార్, విక్రమ్ సారాభాయ్ నడిపిన కమిటీ. ఆ ఒక్కదాన్ని బట్టే కవరు దొంగది అనలేం, బొమ్మ తర్వాత ఎవరో వేసి ఉండొచ్చు, కవర్లు సేకరించే మా వాళ్లలో అది మామూలే. కానీ పిన్ కోడ్ మన దేశంలో వచ్చింది 1972 ఆగస్టు 15న. ట్రివేండ్రం అధికారికంగా తిరువనంతపురం అయింది 1991లో. 1963లో పోస్టు చేసిన చిరునామాలో ఈ రెండూ ఉన్నాయంటే చిరునామా అయినా తర్వాత రాసి ఉండాలి, ముద్ర అయినా తర్వాత వేసి ఉండాలి. ఎలా చూసినా ఆయన చెప్పే కవరు అది కాదు. ఇలాంటివి పట్టుకోవడానికి ఇంకొన్ని గుర్తు పెట్టుకోండి, శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధవన్ పేరు వచ్చింది 2002లో, రూపాయి గుర్తు వచ్చింది 2010లో, శ్రీహరికోట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది 2022లో. అన్నిటికంటే తేలికైన పరీక్ష, కవరు మీది స్టాంపు విడుదలైన తేదీ ముద్ర తేదీ కంటే తర్వాతదా అని కేటలాగ్‌లో చూడటం. నేను ఇలా రెండుసార్లు బయటపడ్డాను, ఒకసారి మోసపోయాను కూడా, అప్పుడు కేటలాగ్ తెరిచే ఓపిక లేక.

"రాకెట్‌లో వెళ్లొచ్చింది" అన్న మాట ఇంకా పెద్దది. తుంబాలో ఆ మొదటి నైకీ-అపాచీ 1963 నవంబర్ 21న సాయంత్రం 6.25కు లేచింది. సోడియం మేఘం కనిపించాలంటే కింద చీకటి పడాలి, పైన మాత్రం ఇంకా ఎండ తగలాలి, అందుకే ఆ వేళ. లేచి, పని చేసి, సముద్రంలో పడింది. దాన్ని వెనక్కి తెచ్చిందీ లేదు, అందులో ఉత్తరాలు పెట్టిందీ లేదు. ఇంకో విషయం గమనించండి, ఆ వేళకు మామూలుగా పోస్టాఫీసు కౌంటరు మూసేసి ఉంటారు. అంటే ఆ తేదీ నిజమైన ముద్ర పడిన కవరు ఎక్కడైనా ఉంటే, ఆ ముద్ర బహుశా రాకెట్ లేవక ముందే పడి ఉంటుంది. అది తప్పేమీ కాదు, తేదీ ఒకటే, ఊరు ఒకటే అయితే సేకరణలో దానికి చోటుంది. సాయంత్రం ప్రయోగాల కవర్లన్నిటికీ ఈ తంటా ఉంటుంది.

రాకెట్‌లో ఉత్తరాలు పంపిన చరిత్ర మన దేశంలో నిజంగానే ఉంది, కానీ అది వేరే కథ. స్టీఫెన్ స్మిత్ అని కలకత్తాలో ఉండే ఆయన, 1934 సెప్టెంబర్ 30న సాగర్ ద్వీపం దగ్గర ఓడ మీద నుంచి ఒడ్డుకు రాకెట్‌లో ఉత్తరాలు పంపారు. తర్వాత పదేళ్లలో దాదాపు 270 రాకెట్లు వదిలారు, సిక్కింలో అయితే అక్కడి రాజుగారే అండగా నిలబడ్డారు, ఒకసారి దామోదర్ నది మీదుగా ఒక కోడిపుంజునీ పెట్టనీ రాకెట్‌లో పంపితే ప్రాణాలతో దిగాయి. 1992లో ఆయన పేరు మీద స్టాంపు కూడా వచ్చింది. ఆయనవి రాకెట్ మెయిల్ కవర్లు, అవి నిజంగా ఎగిరినవి. మీ నాన్నగారివి ప్రయోగ దినపు కవర్లు, రాకెట్ ఎగిరిన రోజు, దగ్గరి పోస్టాఫీసులో ముద్ర పడినవి. రెండిటి లెక్కలు వేరు, ధరలు వేరు, మోసాలు కూడా వేరు. అమ్మేవాళ్లు కావాలని ఈ రెండిటినీ కలిపేస్తారు. ఎగిరింది అని ఎవరన్నా అంటే, ఏ రాకెట్, ఎన్ని కవర్లు పెట్టారు, ఎవరు సంతకం చేశారు, దిగాక ఎవరు తీశారు అని అడగండి. కాగితం చూపించలేకపోతే లేచి రావడమే.

అసలు ఈ సేకరణలో చూడాల్సింది బొమ్మ కాదు, ముద్ర. ఆస్ట్రోఫిలటెలీ అని, అంటే అంతరిక్ష ప్రయోగాల కవర్ల సేకరణ, స్టాంపుల పోటీ ప్రదర్శనల్లో ఒక విభాగం ఉంది, అక్కడ మొదట అడిగేదే ప్రయోగం జరిగిన తేదీకి, ప్రయోగ కేంద్రానికి సంబంధించిన పోస్టాఫీసులో ముద్ర పడిందా లేదా అని. ఎడమ పక్కన రంగుల బొమ్మ, దాన్ని మేం క్యాషే అంటాం, ఎంత బాగున్నా ముద్ర వేరే ఊరిదైతే అది గ్రీటింగ్ కార్డుతో సమానం. బొమ్మ లేని మీ నాన్నగారి కార్డు దానికంటే ఎన్నో మెట్లు పైన ఉంటుంది. అందుకే ఆ పాత కార్డుల మీద ఇప్పుడు కొత్తగా రాకెట్ బొమ్మ రబ్బరు స్టాంపు వేయిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి.

కొత్తవి ఎలా అని అడిగారు. మీకున్న అదృష్టం అందరికీ లేదు, తమ్ముడు సూళ్లూరుపేటలోనే ఉన్నాడు. శ్రీహరికోట పోస్టాఫీసు, పిన్ 524124, దీవి లోపల ఉంది కాబట్టి మనం నేరుగా వెళ్లలేం. సూళ్లూరుపేటలో ఎవరైనా వేయొచ్చు. ఐదు రూపాయల స్టాంపు అంటించి, చిరునామా రాసి, తమ్ముడి దగ్గర పది కవర్లు ఉంచండి. ప్రయోగం జరిగిందని తెలిసిన రోజే కౌంటరు దగ్గరికి వెళ్లి, ముద్ర స్పష్టంగా పడేలా చేత్తో వేయమని మర్యాదగా అడగమనండి. డబ్బాలో వేయడం కంటే కౌంటరే నయం. లోపలి పోస్టాఫీసు ముద్ర కావాలంటే, స్టాంపులు అంటించి మీ చిరునామా రాసిన కవర్లను ఇంకో పెద్ద కవర్లో పెట్టి, అక్కడి పోస్ట్ మాస్టర్ గారికి ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. రాకెట్ ఎగిరిన రోజున ముద్ర వేసి పంపగలరా అని అడగండి. చేయాలని వాళ్లకు నిబంధన ఏమీ లేదు, చేస్తే కృతజ్ఞతతో ఒక కార్డు రాయండి. తుంబాకైతే తిరువనంతపురంలో ఇస్రో పోస్టాఫీసు, 695022. ఒక్కటి మాత్రం ఎప్పుడూ అడగొద్దు, తేదీ వెనక్కి తిప్పి ముద్ర వేయమని. ఆ ఉద్యోగిని ఇబ్బందుల్లో పెట్టినవాళ్లమవుతాం, మన సేకరణ మొత్తం మీద అనుమానం పడుతుంది.

ప్రయోగం ఎప్పుడో తెలియడమే అసలు టెన్షన్. విమానాలకు ఇచ్చే హెచ్చరిక నోటీసులు, నోటామ్ అంటారు, వాటిలో సముద్రం మీద ఏ ప్రాంతం ఏ రోజుల్లో మూసేస్తున్నారో ఉంటుంది. కానీ అది కొన్ని రోజుల వ్యవధి మాత్రమే చెబుతుంది, అందులో ఏ రోజో చెప్పదు. జాలర్లకు కూడా వేటకు వెళ్లొద్దని చెబుతారు, మీ ఊళ్లో ఆ కబురు పేపర్ కంటే ముందు టీ కొట్టు దగ్గరికి వస్తుంది. తమ్ముడి షాపుకు వచ్చేవాళ్లు చాలు.

వాయిదాల సంగతి నా అనుభవంతో చెబుతాను. 2022 నవంబర్‌లో హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్, మన దేశంలో ప్రైవేటు వాళ్లు కట్టిన మొదటి రాకెట్, శ్రీహరికోటలో సౌండింగ్ రాకెట్ల ప్యాడ్ నుంచే వెళ్లింది. 15వ తేదీ అన్నారు. నేను ఉత్సాహంలో కవర్ల మీద "15-11-2022 ప్రయోగం" అని ముందే అచ్చు వేయించేశాను. వాతావరణం బాగాలేక 18కి మారింది. 18న ఉదయం పదకొండున్నరకు లేచి 89.5 కిలోమీటర్లు వెళ్లి సముద్రంలో దిగింది. అచ్చు వేయించిన కవర్లన్నీ వృథా, బొమ్మ మీద ఒక తేదీ, ముద్రలో ఇంకో తేదీ. ఇంట్లో మిగిలిన ఐదు తెల్ల కవర్లను సూళ్లూరుపేటలో ఒక మిత్రుడి చేత 18నే వేయించాను, ఇప్పుడు నా ఆల్బమ్‌లో ఉన్నవి అవే. అప్పటినుంచి కవరు మీద ముందుగా ఏ తేదీ వేయించడం లేదు, ప్రయోగం అయ్యాక వెనక పెన్సిల్‌తో రాస్తాను. మీ నాన్నగారు యాభై ఏళ్ల కిందటే చేసిన పని అది.

విదేశాల కవర్లు కావాలంటే మొదట వాలప్స్ ఐలాండ్‌తో మొదలుపెట్టండి, అది నాసా రాకెట్ కేంద్రం, అమెరికాలో వర్జీనియా తీరంలో ఉంది, ముద్రలో 23337 అని ఉంటుంది. 2024 ఏప్రిల్ 8న, అంటే మన ఉగాదికి ముందు రోజు అమావాస్య సూర్యగ్రహణానికి, నాసా అక్కడి నుంచి మూడు సౌండింగ్ రాకెట్లు పంపింది, గ్రహణం అక్కడ బాగా ముదరడానికి ముందొకటి, ముదిరినప్పుడొకటి, ఆ తర్వాత ఒకటి. ఒకే రోజు ముద్ర మూడు ప్రయోగాలకు సాక్ష్యం. ఆ పనికి నాయకత్వం వహించిన ఆరోహ్ బర్జాత్యా మన దేశంలో పుట్టినవారే. అటువైపు మీ చుట్టాలు ఎవరైనా ఉంటే వాళ్లను అడగండి, మనం ఇక్కడి నుంచి పంపితే అమెరికా స్టాంపులు అంటించి పంపాలి, అవి దొరకడం కష్టం. నార్వేలో ఆండోయా కేంద్రానికి ఆండెనెస్ ముద్ర, స్వీడన్ కేంద్రానికి కిరునా ముద్ర. ఇవన్నీ తర్వాత, ముందు మీ పెట్టె సంగతి తేలాలి.

ధర అడగలేదు కానీ మనసులో ఉంటుంది, అందుకే చెబుతున్నా. ఇవి కొనేవాళ్లు దేశంలో తక్కువమంది. 1970ల్లో, 80ల్లో తుంబా నుంచి రష్యా ఎం-100 రాకెట్లు దాదాపు వారం వారం ఎగిరేవి, ఆ కవర్లలో ఒక్కోదానికి పెద్ద ధర పలకదు. మొదటి ప్రయోగం, గ్రహణం, విఫలమైన ప్రయోగం, ఇలాంటివాటికే పోటీ ఉంటుంది. మీవి విడివిడిగా అమ్మితే చిల్లర, ఒకే మనిషి ఒకే ఊరి నుంచి ఏళ్ల తరబడి వేసుకున్న 43 కార్డుల కట్టగా ఉంటేనే దానికి బలం. ఏది అమ్మినా ఆ కట్ట విడిపోతుంది. నన్నడిగితే అమ్మొద్దంటాను, ఇల్లు గడవడానికి తప్పనిసరి అయితే తప్ప.

దాచడం గురించి. చెప్పుల పెట్టె అట్టలో ఆమ్లం ఉంటుంది, కాగితం పసుపెక్కేది దానివల్లే. లామినేషన్ చేయించకండి, అది తిరిగి తీయలేరు. సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, స్టేపుల్ పిన్ను, ఏదీ వద్దు. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిగురెక్కి ముద్రను లాగేస్తాయి, పాలీప్రొపిలీన్ తొడుగులు అని అడిగి తీసుకోండి. ఒక్కో తొడుగులో ఒక్కటే పెట్టండి, నిలబెట్టి ఉంచండి. సముద్రం గాలి తిన్న కాగితం కాబట్టి గోధుమ రంగు చుక్కలు వచ్చి ఉండొచ్చు, వాటిని తుడవకండి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో నెలకోసారి తీసి చూస్తే చాలు. అన్నీ ఒకే చోట పెట్టకుండా స్కాన్ కాపీలు తమ్ముడి దగ్గరా ఉంచండి.

ఈలోగా సూళ్లూరుపేట వెళ్లినప్పుడు షాపుకు అప్పట్లో వచ్చే పెద్దవాళ్లను కలిసి, మీ నాన్నగారు ఎక్కడ నిలబడి చూసేవారో, ఆ కబురు ఆయనకు ఎవరు చెప్పేవారో అడిగి రాసుకోండి. వాళ్ల వయసు కూడా పెరుగుతోంది కదా. రాసుకున్న తేదీ కూడా వేయండి.

9-10-71 కార్డు స్కాన్ నాకు పంపండి, ముందు వైపూ వెనక వైపూ రెండూ, అంచులు కత్తిరించకుండా. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే ముద్ర వ్యాసం కొలిచి అదే పోస్టాఫీసు పాత ముద్రలతో పోల్చి చూస్తాను.